ఊది చూసిన ఫిల్టర్

"తప్పు నాదే సారు. రాసుకోన్రి, పోన్రి."

లాకప్ ఊచల అవతల కూర్చున్న రఘుపతి ఆ మాట చెప్పి గోడవైపు తిరిగాడు. శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు నలభై. సాయంత్రం ఐదింటికి అతన్ని మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. ఎస్సై నరసింహ నాకు పావుగంట ఇచ్చాడు. అందులో మూడు నిమిషాలు ఈ ఒక్క మాట చెప్పించడానికే అయిపోయాయి.

మనుషుల చేత నిజం చెప్పించడమే నా బతుకుదెరువు. పదిహేనేళ్లు ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా, ఆ తర్వాత ఏడేళ్లు నల్గొండలో 'నాగేందర్ డిటెక్టివ్ సర్వీసెస్' అనే బోర్డు కింద. అడగకముందే తప్పు ఒప్పుకునేవాడిని నేను ఎప్పుడూ నమ్మను. కానీ ఆ రోజు అతన్ని అనుమానంగా చూడటానికి కూడా నాకు మొహం చెల్లలేదు. అతన్ని ఆ ఊచల వెనక కూర్చోబెట్టింది నా రిపోర్టే.

జరిగింది ఇది. మంగళవారం మధ్యాహ్నం మూడు ఇరవైకి జడ్చర్ల బైపాస్ మీద స్నిగ్ధ అనే ఇరవై ఆరేళ్ల అమ్మాయి లారీని దాటుతుండగా ఆమె కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక వస్తున్న ఇంకో లారీ గుద్దింది. ఆమె కుడి పాదం నుజ్జయింది, డాక్టర్లు తీసేశారు. వచ్చే నెల కార్ల ర్యాలీ పోటీలో బండి నడపాల్సిన పిల్ల ఆమె. ఆ కారును ఆమె కోసం తయారుచేసింది రఘుపతి. పెద్ద ఇంజను, కొత్త ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు, పంపుకు ముందు ఒక ఫిల్టరు, పంపు దాటాక ఇంకో ఫిల్టరు. ముందు ఉండాల్సింది వంద నంబరుది, అంటే పెద్ద రంధ్రాలది. గుద్దిన తర్వాత విప్పి చూస్తే అక్కడ పది నంబరుది ఉంది, సన్న రంధ్రాలది. పంపుకు పెట్రోలు అందక బండి ఆగింది.

అదే మంగళవారం, ప్రమాదానికి ముందు, పాలసీ కోసం ఆ కారును చూసి ఫొటోలు తీసుకున్నది కూడా నేనే. కంపెనీ పనులు ఇప్పటికీ అప్పుడప్పుడు చేస్తుంటాను. బండి నాకు తెలుసు కదా అని రిపోర్టు కూడా నన్నే రాయమన్నారు. బుధవారం కంపెనీ వాళ్లు పంపిన ప్రమాదం ఫొటోలు చూసి, నల్గొండలో కుర్చీలోంచి లేవకుండా గంటన్నరలో రాసి పడేశాను. అందులో ఒక వాక్యం ఉంది: "అక్షరజ్ఞానం అంతంతమాత్రమైన మెకానిక్ పదికీ వందకూ తేడా గుర్తించలేక ఫిల్టర్లను తారుమారుగా బిగించాడు." ఆ కాగితం పట్టుకుని నరసింహ సాయంత్రానికల్లా అతన్ని లోపలేశాడు, అరెస్టు మాత్రం గురువారం సాయంత్రం చూపించాడు.

గురువారం పదింటికి రఘుపతి భార్య యాదమ్మ జడ్చర్ల నుంచి బస్సెక్కి నా ఆఫీసుకు వచ్చింది. రిపోర్టు జిరాక్సు నా బల్ల మీద పరిచింది.

"గిది మీరు రాసిందేనా సారు?"

"నేనే రాసిన."

"బస్సుల ఒకామెతోని సదివిపిచ్చుకున్న. ఆయనకు సదువు రాదన్నది నిజమే. తేడా తెల్వదన్నది మాత్రం అబద్ధం."

తిట్టలేదు, ఏడవలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసుకుని వెళ్లిపోయింది. ఆమె మెట్లు దిగాక నా వాక్యం నేను మళ్లీ చదువుకున్నాను. 'అక్షరజ్ఞానం' అనే మాట దొరికినప్పుడు నాకు నేనే ఎంత మురిసిపోయానో గుర్తొచ్చింది. రామన్నపేటలో మా నాయిన చచ్చేదాకా వేలిముద్ర వేసిన మనిషి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అందుకే శుక్రవారం ఎవరూ పిలవకుండానే ఈ స్టేషన్‌కు వచ్చాను.

"రఘుపతీ, ఇటు తిరుగు. రిపోర్టు రాయడానికి రాలే. నువ్వు ఫిల్టర్లు ఎట్ల ఎంచుకుంటవో చెప్పు, చాలు."

అతను తిరగలేదు. కానీ పని గురించి అడిగేసరికి ఉండబట్టలేక గోడకే చెప్పడం మొదలుపెట్టాడు.

"పంపు నూకుతది సారు, గుంజలేదు. ముంగట పెట్టేది పెద్ద కండ్ల జల్లెడ లెక్క ఉండాలె. రాయి రప్ప ఆపితె సాలు. సన్న దుమ్మును ఎనకది ఆపుతది. ముంగట సన్నది పెడితె..." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "పంపు గొంతు పిసికినట్టె. మెల్లగ నడిపితె ఏం తెల్వది. గట్టిగ తొక్కిననాడు బండి సస్తది."

"కాగితపు ఫిల్టరు ఎందుకు పెట్టలే?"

"ఇప్పటి పెట్రోలుల ఏందో కలుపుతున్నరు గద. కాగితం నాని ఊడొస్తది. ముంగటికి స్టీలు జాలి, ఎనకకు గాజు నూలుది. పైన డబ్బా రెండింటికి ఒక్కతీరుగనె ఉంటది. పంపు గంటకు మూడు వందల లీటర్లు పోస్తది, దానికి తగ్గ మూతి..." మళ్లీ ఆగాడు. ఈసారి దగ్గు కూడా వచ్చింది.

నా డిప్లొమాలో నాకు ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. ఇతనికి తేడా తెలియదని రాశాను నేను.

"నంబర్లు చదవరాదు కదా, ఏది ఏదో ఎట్ల తెలుస్తది?"

"ఊది చూస్త. జడ్చర్లల అందరికి ఎర్కే. పెద్ద కండ్లదైతె ఊపిరి సాఫుగ పోతది. సన్నదైతె పెదిమల కాడ అడ్డం తగుల్తది."

నా సంచిలోంచి నమూనా ఫిల్టరు ఒకటి తీసి ఊచల మధ్య నుంచి అందించాను. "ఇది ఏదో ఊది చెప్పు."

అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నోటి దాకా తెచ్చాడు. తర్వాత మెల్లగా కింద పెట్టేశాడు.

"ఇప్పుడెందుకు సారు. తప్పు నాదన్న గద."

"మంగళవారం ఊదినవా లేదా?"

"ఊదిన."

"నువ్వేనా?"

అతను నా మొహం చూసి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. పళ్లు మాత్రం కనబడ్డాయి. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. "ఇగ పోన్రి సారు" అన్నాడు. పావుగంట అయిపోయింది.

రఘుపతి షెడ్డు స్టేషన్‌కు కిలోమీటరు దూరం. స్టేషన్ ఆవరణలో జాగా లేక నుజ్జయిన కారును కూడా అక్కడే పెట్టి, సీలు వేసి, ఒక కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టారు. నేను వెళ్లేసరికి ఒంటిగంట ఐదు. కారు పక్కన ట్యాబ్ పట్టుకుని ప్రవీణ్ నిలబడి ఉన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో నేను ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న కుర్రాడు. ఇంజనీరింగ్ చదివాడు, ముప్పై ఏళ్లు, షర్టు మీద ముడత ఉండదు. నాకు మొదటినుంచీ పడదు.

"మళ్లీ ఎందుకొచ్చారు సార్? కేసు క్లోజ్ కదా. మీ రిపోర్టుతోనే క్లోజ్ చేశాం."

"నా రిపోర్టు తప్పు."

"మీరే తప్పంటారా?"

"అంట."

"మరి బుధవారం?"

"బుధవారం గాడిదను. అడ్డం జరుగు."

అతను జరగలేదు. "రూల్ ప్రకారం ఇద్దరం ఉండగానే ముట్టుకోవాలి సార్. పైగా పాత సర్వేయర్ వచ్చి రిపోర్టు మార్చుకుంటానంటే కంపెనీ ఏమనుకుంటుంది? మెకానిక్ భార్య మీ ఆఫీసుకు వచ్చిందట కదా నిన్న."

"వచ్చింది. అయితే?"

"అయితే ఏమీ లేదు సార్. నోట్ చేసుకున్నా."

నోటికొచ్చినట్టు తిట్టబోయి ఆపుకున్నాను. తిట్టే హక్కు నాకేముంది, ఆ పిల్లవాడు నా సంతకాన్ని నమ్మాడు.

స్నిగ్ధ వాంగ్మూలం అతని ట్యాబ్‌లో ఉంటే చదవమన్నాను. చదివాడు. "రెండు గంటలకు షెడ్డు నుంచి బయల్దేరిన. కొత్త ఇంజను కదా అని గంట సేపు మెల్లగనే తోలిన. బైపాస్ మీద లారీని దాటేటప్పుడు మొదటిసారి కాలు మొత్తం తొక్కిన. బండి రెండుసార్లు దగ్గినట్టు అయ్యి ఆగింది. రఘుపతి తాత తప్పు చెయ్యడు. నేనే ఏదో తప్పు తొక్కి ఉంటా."

ఆఖరి వాక్యాన్ని ప్రవీణ్ తొందరగా చదివేశాడు. కాలు పోయిన పిల్ల తప్పు తన కాలిదే అనుకుంటోంది.

సీలు విప్పడానికి స్టేషన్ నుంచి అనుమతి వచ్చేసరికి మూడైంది. అప్పుడు కానిస్టేబుల్ ఎదురుగా ఇద్దరం కలిసి వెనక ఫిల్టరు విప్పాం. ముందుది బుధవారమే ప్రవీణ్ విప్పి సంచిలో పెట్టాడు. అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బాలు, చూడటానికి రెండూ ఒకటే. నంబరు అంచు మీద చిన్నగా చెక్కి ఉంటుంది. పైపు మూతి దాన్ని కప్పేస్తుంది కాబట్టి విప్పితేగాని కనబడదు. వెనకదాని అంచు మీద వంద.

"అంటే ముందుది వెనక, వెనకది ముందు. మీరు రాసిందే" అన్నాడు ప్రవీణ్.

నేను దాన్ని వెలుగులో తిప్పి చూశాను. పెట్రోలు లోపలికి పోయే మూతి చుట్టూ, మరల మీద, ఎర్రటి మరక. పైపు మూతి కింద ఎండిపోయి ఉంది.

"తుప్పు" అన్నాడు.

"అల్యూమినియం ఎర్రగ తుప్పు పట్టదు నాయనా. ఏం చదివినవ్?" వేలు తడిచేసి రుద్దాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్రోలు వాసన వెనక ఇంకో వాసన. వక్క, కాచు.

రఘుపతి పళ్లు తెల్లగా ఉన్నాయి.

షెడ్డు వెనకే వాళ్ల ఇల్లు. గుమ్మంలో యాదమ్మ నిలబడి మమ్మల్నే చూస్తోంది. నిన్న నా ఆఫీసులోనూ చూశాను, మంగళవారం చేతులు కడుక్కోవడానికి సబ్బు తెచ్చిచ్చినప్పుడూ చూశాను. ఆమె పెదాలు పాన్ తిని ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. చూడటమే చూశాను, పట్టించుకోలేదు.

ఫిల్టరు ఆమె ముందు పెట్టి అడిగాను. "దీన్ని ఊదింది నువ్వు. అవునా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రవీణ్ ట్యాబ్‌లో ఏదో టైపు చెయ్యబోతుంటే కళ్లతోనే ఆపాను.

"కరోనా వచ్చి తగ్గినంక ఆయనకు దమ్ము లేదు సారు" అంది చివరికి. "నాలుగు మాటలు మాట్లాడితె ఆయాసం. ఊదలేడు. రఘుపతి నోటితోని ఊది సూస్తడు అని ఎక్కడెక్కడోల్లు బండ్లు తెస్తరు. దమ్ము లేదని తెలిస్తె ఎవలొస్తరు? రెండేండ్ల సంది నేనే ఊదుతున్న. ఇంట్లకు తెచ్చిస్తడు, ముంగటికి పెట్టేది నేను ఊది ఏరి ఇస్త. ఎవలకు చెప్పలే, సిగ్గు."

"మంగళవారం?"

"పొద్దుగాల ఊదిన. ఊపిరి సాఫుగ పోయింది అనే ఇచ్చిన. గని... నా నోరే తప్పు చెప్పిందేమో సారు. ఆ పిల్ల కాలు నేనే తీసిన్నేమో. నేను పోలీసోల్లకు చెప్త అంటె ఆయన ఒట్టు పెట్టుకున్నడు, నువ్వు నోరు తెరిస్తె నా పీనుగును సూస్తవ్ అని."

రఘుపతి ఎందుకు ఊదలేదో, ఎందుకు గోడవైపు తిరిగాడో అప్పుడు అర్థమైంది. అతను కాపాడుతున్నది ఆమెను. లోలోపల అతను కూడా ఆమే పొరపడిందని అనుకుంటున్నాడు.

"ప్రవీణ్, ఆ అర మీద కొత్త ఫిల్టర్లు ఉన్నయ్. ఎనిమిది తే. నంబర్లు నువ్వు చూస్కో, ఆమెకు చూపియ్యకు."

అతను ఎగతాళిగా నవ్వుతూనే తెచ్చాడు. యాదమ్మ కళ్లు మూసుకుని ఒక్కొక్కటి ఊదింది. "సన్నది. సన్నది. పెద్దది. సన్నది. పెద్దది. పెద్దది. గిది పెద్దది గాదు, సన్నది గాదు, నడిమిది. గిది సన్నది."

ప్రవీణ్ నవ్వు ఏడోదాని దగ్గర ఆగిపోయింది. దాని నంబరు నలభై.

"ఎనిమిదికి ఎనిమిది" అన్నాడు మెల్లగా.

"ఆమె నోటి ఎర్ర మరక ఉన్నది వంద మీద, పది మీద లేదు. అంటే పొద్దున ఆమె ముందుకోసం ఏరి ఇచ్చింది వందనే. ఫిల్టర్లు సరిగ్గనే ఎక్కినయ్. ఎవడో తర్వాత విప్పి తారుమారు చేసిండు." నాకు హుషారొచ్చింది. రెండు రోజులుగా చచ్చిన డిటెక్టివ్ మళ్లీ లేచి కూర్చున్నాడు. "యాదమ్మా, టైములు చెప్పు."

ఆమె చెప్పింది, నేను సిగరెట్ పెట్టె మీద రాసుకున్నాను. పదిన్నరకు రఘుపతి బిగించడం పూర్తి. అప్పటికి ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. పదకొండు నలభైకి నేను వచ్చాను, పన్నెండు పదికి వెళ్లాను. అక్కడి నుంచి ఒంటిగంట దాకా రఘుపతి ఇంట్లో అన్నం తిన్నాడు, షెడ్డులో ఎవరూ లేరు. ఒంటిగంట పావుకు పెట్రోలు పోసి ఇంజను తిప్పాడు. రెండింటికి స్నిగ్ధ తీసుకుపోయింది.

"పన్నెండు పది నుంచి ఒంటిగంట. ఆ యాభై నిమిషాల్లో ఎవడొచ్చిండు?"

"ఎదురుంగ షెడ్డు రాంచందర్ వచ్చిండు. గాలి గొట్టం కావాలని."

రాంచందర్ కూడా మెకానిక్కే. స్నిగ్ధ కారు పని మొదట తనకే వస్తుందని ఊరంతా చెప్పుకుని, చివరికి రఘుపతికి పోతే మొహం మాడ్చుకున్న మనిషి. ఇంకేం కావాలి. రోడ్డు దాటి వెళ్లాను. చాయ్ హోటల్ ముందు నలుగురితో కూర్చుని ఉన్నాడు. ఆ నలుగురి ముందే మీద పడ్డాను.

"మంగళారం పన్నెండున్నరకు ఆ షెడ్డుల ఏం పనిరా నీకు? ఫిల్టర్లు ఎందుకు మార్చినవ్? ఒక ఆడపిల్ల కాలు పోయింది, తెలుస్తుందా?"

రాంచందర్ చాయ్ గ్లాసు ఎడమ చేత్తో కింద పెట్టాడు. ఒళ్లో ఉన్న కుడిచేతిని బల్ల మీదికి తెచ్చాడు. మోచేతి నుంచి వేళ్ల దాకా సిమెంటు కట్టు, మాసిపోయి ఉంది.

"పదిహేను దినాలాయె సారు ఇరిగి. దవాఖాన చిట్టీ కూడ ఉన్నది. ఆ పైపు విప్పాలంటె రెండు చేతుల రెండు పానాలు పట్టాలె. గీ చేత్తోని ఎట్ల విప్పాల్నో జర నువ్వు చూపియ్యి. చూపిస్తె నేనే చేసిన్నని సంతకం పెడ్త."

వెనకనుంచి ఎవరో నవ్వారు. నేను ఏదో గొణిగి వెనక్కి తిరిగాను. ఒక మనిషిని నలుగురిలో తప్పు చేశాడనడం ఈ వారంలో నాకిది రెండోసారి. జేబులోంచి నీలి గళ్ల రుమాలు తీసి మెడ తుడుచుకుని, దాన్ని అలాగే కాలర్‌లో దోపుకున్నాను. టైము మూడు యాభై ఐదు.

షెడ్డులో ప్రవీణ్ నేను రాసిన సిగరెట్ పెట్టెనే చూస్తున్నాడు.

"సార్, ఒక డౌటు. యాభై నిమిషాలే ఎందుకు చూస్తున్నారు? బిగించింది పదిన్నరకు. పదిన్నర నుంచే లెక్కపెట్టాలి కదా."

"పదకొండు నలభై దాకా రఘుపతి ఇక్కడనే ఉన్నడు. తర్వాత నేనున్న."

"అదే సార్."

"అదే ఏంది?"

అతను సిగరెట్ పెట్టె మీద పదకొండు నలభై దగ్గర వేలు పెట్టాడు. యాదమ్మ ఒక టైరు మీద కూర్చుని ఎనిమిది ఫిల్టర్లను మళ్లీ వరుసగా పెడుతోంది. ఎవరితోనూ కాదన్నట్టు మాట్లాడింది.

"అయినా మా ఆయన చేతుల తారుమారు కాదు సారు. సదువు రానోల్లం గద, మాకు భయం ఎక్కువ. ఒకటి విప్పితె ఒకటే. అది బిగిచ్చినంకనే రెండోదాని మీద చెయ్యి ఏస్తడు. రెండు ఒక్కసారి ఎన్నడు విప్పడు. రెండు బయట ఉంటెనే గద మారేది."

"రెండూ ఒక్కసారి విప్పినవాడు" అన్నాను నేను. "వాడు దొరికితే చాలు."

"మీ మంగళవారం ఫొటోలు ఉన్నాయా సార్?" ప్రవీణ్ గొంతు చాలా మర్యాదగా ఉంది. "కంపెనీకి మూడే పంపారు. అందులో రెండు నంబర్ల ఫొటోలు. వంద అని ఒకటి, పది అని ఒకటి. దగ్గరగా తీశారు, ఏది ఎక్కడిదో తెలియడం లేదు. నంబరు కనబడాలంటే విప్పాలి కదా, అందుకని అడుగుతున్నా."

ఫోను తీశాను. మంగళవారం ఫొటోలు పద్నాలుగు. బుధవారం రిపోర్టు రాసేటప్పుడు వీటిని తెరిచి చూడటానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. ఒక్కొక్కటి జరుపుతూ వెళ్లాను. ఇంజను. పంపు. వంద. పది.

తొమ్మిదో ఫొటో. పన్నెండు ఒకటి. కారు మడ్‌గార్డు మీద పరిచిన నీలి గళ్ల రుమాలు, దాని మీద పక్కపక్కనే రెండు నల్ల డబ్బాలు.

రెండూ బయటే ఉన్నాయి.

కాల్ లిస్టు తెరిచాను, తెరవకపోయినా గుర్తొచ్చేసింది. పన్నెండు రెండు. మహబూబ్‌నగర్ నుంచి స్నేహితుడు గిరి. ఆరు నిమిషాలు. మధ్యాహ్నం ఎక్కడ తిందామని. బండి కాగితాలు తెమ్మని రఘుపతిని ఇంట్లోకి పంపింది నేనే. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, నవ్వుతూ, రెండు చేతులా రెండు పానాలు పట్టి, చేతికి దొరికిన డబ్బాను చేతికి దొరికిన చోట బిగించాను. అతను కాగితాలతో వచ్చేసరికి అన్నీ బిగించి ఉన్నాయి. విప్పానని కూడా చెప్పలేదు. తర్వాత సబ్బు అడిగి చేతులు కడుక్కున్నాను. అంత చదువుకున్నవాడిని, బిగించేముందు అంచు మీద ఒక్క సున్నా చూసుకోలేదు.

ఇద్దరు ముసలివాళ్లు, ఆసుపత్రిలో ఒక పిల్ల, ముగ్గురూ ఎవరికి వాళ్లు తప్పు తమదే అనుకుని మూడు రోజులుగా కుమిలిపోతున్నారు. నేను మాత్రం ఆ రోజు మహబూబ్‌నగర్‌లో కడుపునిండా బిర్యానీ తిన్నాను.

ప్రవీణ్ నా భుజం మీదుగా ఫొటో చూశాడు. తర్వాత నా కాలర్‌లో ఉన్న రుమాలు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఈ ఫొటో మీరు కంపెనీకి పంపలేదు సార్. నా ఫైల్లో లేదు. నేను చూడలేదనే అనుకోవచ్చు. మెకానిక్‌ది కూడా తప్పు కాదు, పార్టు పాడైందని రాస్తే ఆయన సాయంత్రానికి బయటికొస్తాడు."

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. ఆ మాట విన్న క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. వేలు ఆ ఫొటో మీదికి, చెరిపేసే గుర్తు దగ్గరికి వెళ్లింది కూడా.

"దొరికిండా సారు?" యాదమ్మ టైరు మీద నుంచి లేచింది.

"దొరికిండు."

"ఎవలు?"

ఫోను ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చూసింది.

"గిది మన షెడ్డే గద. రెండు బయటనే ఉన్నయి. గీ రుమాలు..." తలెత్తి నా మెడ వైపు చూసింది.

"నేనే యాదమ్మా. రెండూ ఒక్కసారి విప్పిన. ఫోన్‌ల మాట్లాడుకుంట బిగించిన. ఏది ఎక్కడిదో చూస్కోలే. తప్పు చేసింది నేను, మీ ఆయనకు చదువు రాదని రాసింది నేను."

చెంప మీద కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె మళ్లీ టైరు మీద కూర్చుంది. కొంగుతో పెదాలు ఒకసారి తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

"అయితే నేను సక్కగనే ఊదిన్నా సారు?"

"సక్కగనే ఊదినవమ్మా."

"ఆయనకు చెప్పాలె" అంది. "ఆయన రెండు దినాల సంది అన్నం ముట్టుత లేడంట. ముందు ఆయనకు గా ముచ్చట చెప్పాలె." అప్పుడు ఏడ్చింది.

నాలుగు ఇరవైకి తొమ్మిదో ఫొటోనూ, కాల్ లిస్టునూ నరసింహకు పంపాను. నిమిషంలో ఫోను మోగింది.

"శెభాష్ నాగేందరన్నా. ఎవడు వాడు? అడ్రస్ చెప్పు, జీపు పంపిస్త."

"జీపు వద్దు. నేనే వస్తున్న."

"వాడిని పట్టుకొని వస్తున్నవా?"

"రుమాలు నాది నరసింహా. చేతులు కూడా నావే. రఘుపతిని కోర్టుకు ఎక్కించకు."

"ఫోను మా కానిస్టేబుల్‌కు ఇయ్యి" అన్నాడు నరసింహ. ప్రవీణ్ రోడ్డు మీదికి వెళ్లి ఆటోను ఆపాడు. తన ట్యాబ్ నాకు ఇచ్చి, "మీ స్టేట్‌మెంట్ దారిలో మీరే టైపు చేయండి సార్, నేను చేస్తే బాగుండదు" అన్నాడు. మొదటిసారి అతని కళ్లలోకి చూడలేకపోయాను.

"ఆ పిల్లకు ఎవలు చెప్తరు సారు, తప్పు తన కాలుది గాదని?" యాదమ్మ ఆటో ఎక్కుతూ అడిగింది.

"నేనే చెప్త. స్టేషన్‌ల సంతకం పెట్టంగనే ఫోన్ చేస్త."

డ్రైవర్ పక్కన కూర్చుందామని ముందుకు నడిచాను. అక్కడ కానిస్టేబుల్ ఎక్కి కూర్చున్నాడు. వెనక, యాదమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని పక్కకు జరిగి నాకు జాగా ఇచ్చింది.